బున్‌యే కట్టిన తెల్లబట్ట

మా రాజధాని హన్యాంగ్ కోటలో మాకొక పెళ్లి చేసేవారు. పసితనంలో దాసీగా వచ్చిన పిల్ల వయసుకు రాగానే కొప్పు పెట్టి, పట్టుబట్ట కట్టి, బియ్యప్పిండి రొట్టెలు పంచేవారు. అన్నీ ఉండేవి, పెళ్లికొడుకు తప్ప. రాజుగారే మొగుడట! ఆ మహానుభావుడి మొహం ఎలా ఉంటుందో మాలో సగం మందికి తెలియదు. ఇదేం పెళ్లో, ఇదేం కాపురమో, చేయించేవాళ్లకు సిగ్గుండాలి.

కుట్టుగదిలో నా పక్కచాప బున్‌యేది. నవ్వడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఉత్తరపు వాకిలి కాపలావాడు చిల్‌బొక్ ఆ నవ్వుకు ఈటె జారవిడిచాడు. ఇక ఆ వాకిలి వైపు ఏ పనున్నా ఈమే పరుగెత్తేది.

"ఏమే, మొగుడున్న ఆడదానివి, పరాయి మగాడితో ఆ ఇకఇకలేంటే?" అన్నాను.

"మా ఆయన ఏమీ అనుకోడులే అక్కా. ఆయనకు నా పేరే తెలీదు" అంది.

ఆ ఏడు వానల్లేవు. పొలాలు నెర్రెలిచ్చాయి. మొగుడి ముచ్చట ఎరగని దాసీల ఉసురు తగిలి మబ్బులు రావడం లేదని పండితులు తేల్చారు. అబ్బో, మాకూ ఉసురుందని తెలియడానికి చేలు ఎండాల్సి వచ్చింది! కొందరిని బయటికి పంపేశారు. అందులో బున్‌యే, నేనూ ఉన్నాం. పంపారే గాని పెళ్లి మాత్రం కూడదు. కోట దాటినా మేం రాజుగారి సొత్తేనట. కాదని పెళ్లాడితే ఇద్దరికీ కర్రదెబ్బలు.

బున్‌యే లెక్కచేయలేదు. వెళ్లి చిల్‌బొక్ ఇంట్లో పొయ్యి వెలిగించింది. పక్క గుడిసె నాదే.

"అన్నం మాడింది కదే!"

"తడికట్టెలు తెచ్చిన మొగుడికి మాడిన అన్నమే గతి!"

పొద్దున్నే ఈ కీచులాట, ఆ వెనకే నవ్వులు. ఎవరికైనా అంతకంటే ఏం కావాలి?

వాన పడింది. మా ఉసురుతో కోటకు పని తీరిపోయింది. అప్పుడు దిగింది రాణిగారి పెద్దదాసి చ్వె. కోటలో రాణిగారికీ చిన్నరాణికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. రాణిగారి పడకగది నేలకింద చేతబడి బొమ్మ దొరికింది. దొరకడమేమిటి నా మొహం, పెట్టినవాళ్లే తవ్వి తీశారు!

"బొమ్మకు చొక్కా కుట్టమని చిన్నరాణి నీకు చెప్పింది. విచారణలో ఆ ఒక్క మాట అను. నీ కాపురం మా కంట పడదు" అంది చ్వె.

"అనకపోతే అమ్మగారూ?"

"ఇప్పటికే పడింది కదే."

బున్‌యే చిల్‌బొక్ వైపు చూసింది.

"నా మొహం చూసి అబద్ధమాడకు. ఆ అన్నం నాకు గొంతు దిగదు" అన్నాడతను.

"చిన్నరాణి నాకు అక్కా కాదు, చెల్లీ కాదు. అయినా ఆవిడకు ఉరితాడు పేనలేను అమ్మగారూ" అంది బున్‌యే.

మర్నాడే భటులొచ్చి ఇద్దరినీ లాక్కెళ్లారు. కర్రదెబ్బలు తిని బున్‌యే బతికింది, చిల్‌బొక్ బతకలేదు. శవం మీద పడి ఏడుస్తున్నదాన్ని ఈడ్చి పారేశారు. మొగుడు పోయినవాళ్లు కట్టే తెల్లబట్ట కట్టబోతే గుంజేశారు.

"వాడికి నువ్వేమవుతావే? నువ్వు రాజుగారి ఆడదానివి" అన్నాడు కచేరీ అధికారి.

చంపిందీ వాళ్లే, ఏడవొద్దన్నదీ వాళ్లే! అబద్ధమాడడానికి ఇంకెవరో దొరికారు, చిన్నరాణి చేత విషం తాగించారు. చ్వె కోటలో ఇంకా పెద్ద పదవికెక్కింది.

కొన్నేళ్లకు రాజుగారు పోయారు. ఆ అధికారే నారతో నేసిన తెల్లబట్ట పట్టుకుని బున్‌యే గుమ్మంలోకి వచ్చాడు.

"రాజుగారి ఆడవాళ్లంతా మూడేళ్లు మైల పట్టాలి. కట్టుకో."

"వాడి మొహాన కొట్టవే!" అన్నాను.

బున్‌యే బట్ట రెండు చేతులా అందుకుని లోపలికెళ్లి కట్టుకుంది. జుట్టు విప్పుకుంది. అటక మీంచి చిల్‌బొక్ తినే గిన్నె దించి, అన్నం పెట్టి, దాని ముందు కూర్చుని గొంతెత్తి ఏడ్చింది. ఇన్నేళ్లూ దిగమింగిన ఏడుపు, వీధి వీధంతా వినబడింది.

"ఎంత రాజభక్తి!" అని ఆ మనిషి కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయాడు.

నేను తలుపు వేసి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. రాజుగారి కోసమని పంపిన ఆ బట్టలోనే, చిల్‌బొక్ పెళ్లాం తన మొగుడికి మూడేళ్లు మైల పట్టింది.