అవిసె రొట్టెలో జొన్నపిండి

కీటో పని చేస్తుందా అని ఎవరడిగినా నాకు ఒళ్లు మండిపోతుంది. అడిగినవాళ్ల తప్పేం లేదు. మండేది నా మీద నాకే. ఏళ్లుగా ఒక సంగతి గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ కక్కుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పడం తేలిక. జాలి మాత్రం పడకండి. జాలి పడితే ఇంకా మండుతుంది.

బోధన్ దగ్గర పల్లె మాది. ఒకప్పుడు చుట్టూ చెరుకే. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు పోయి వరి వచ్చింది కానీ, మా ఇంట్లో నాలుకలు మారలేదు. చాయ్‌లో చెంచా నిలబడేంత చక్కెర పడాలి. ఇంట్లో ఇద్దరం కోడళ్లం. పెద్దదాన్ని నేను, వంటిల్లు నాది. చిన్నది రజిత, మా మరిది భార్య. తోటికోడలిని మా దిక్కు యారాలు అంటారు. ఇద్దరం లావే. ఇద్దరం వరండాలో మంచం మీద కూర్చుంటే ఇంకెవరికీ చోటు మిగలదని ఇంట్లోవాళ్లు నవ్వేవాళ్లు. మేమూ నవ్వేవాళ్లం.

నిజామాబాద్‌లో డాక్టరు రజిత రక్త పరీక్ష చూసి, షుగర్ అంచున ఉన్నావు, బరువు తగ్గమన్నాడు. ఎట్లా తగ్గాలో చెప్పాడో లేదో, చెప్పినా మా మరిది విన్నాడో లేదో. ఆయనకు ఫోనే గురువు. వారం తిరక్కుండానే ఇంట్లోకి బాదం పొడి, అవిసె గింజలు, వెన్న, పనీరు దిగాయి. అన్నం బంద్. జొన్నరొట్టె బంద్. ఆలుగడ్డ బంద్. చాయ్‌లో చక్కెర బంద్. మటన్, గుడ్లు, నెయ్యి మాత్రం తినొచ్చట. దీని పేరు కీటో అన్నాడు, తానే కనిపెట్టినట్టు.

మరి వండేదెవరు? నేనే. పొద్దున్నే ఇంటిల్లిపాదికీ అన్నం, కూరలు. ఆ తర్వాత ఆమెకు వేరే పెనం, వేరే గిన్నె, వేరే పిండి. వదినా, నీకు కష్టమవుతుందేమో అన్న మాట ఆయన నోట ఒక్కసారి రాలేదు. నేనూ లావే కదా? మెట్లెక్కితే నా మోకాళ్లూ పట్టేస్తాయి కదా? నన్నెవరు తీసుకెళ్లారు డాక్టరు దగ్గరికి? మా ఆయనకైతే నేను లావుగా ఉన్నానో సన్నగా ఉన్నానో చూసే తీరిక కూడా లేదు. ఇదంతా సాకు చెప్పుకోవడం కాదు. కాదా? సాకేనేమో. ఇన్నేళ్లూ ఈ సాకునే తిప్పి తిప్పి నమిలాను.

రజిత తగ్గింది. అది దాచను. మొదటి నెలలోనే జాకెట్లు వదులయ్యాయి. ఒంట్లో నీరే పోయిందో, కొవ్వే కరిగిందో నాకేం తెలుసు, ముఖం మాత్రం తేటపడింది. తలనొప్పి అనేది, నీరసం అనేది, మా అందరి కంచాల్లో అన్నం వంక చూసి మొహం తిప్పుకునేది. అయినా పట్టు వదల్లేదు.

అప్పుడే వేల్పూర్‌లో మా అత్తగారి చుట్టాల పెళ్లి పడింది. ఆడవాళ్లంతా రజిత చుట్టూ మూగారు. వాళ్లలో ఒక ముసలామె, వరసకు అవ్వ, మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఎగాదిగా చూసి, "అవ్వో, చిన్నామెకు కరిగిందంత పెద్దామెకే అంటుకున్నట్టున్నదే!" అంది. పందిట్లో ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. రజిత నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది. నేను విదిలించుకున్నాను. ఆ ముసలిదాన్ని పట్టుకుని నాలుగు మాటలతో కడిగేస్తే పోయేది. కడగలేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, ఆ కోపమంతా ఇంటికి మోసుకొచ్చాను.

మర్నాడు అవిసె పిండి కలుపుతూ అందులో గుప్పెడు జొన్నపిండి వేశాను.

వేసేటప్పుడు ఏమనుకున్నాను? ఏమీ అనుకోలేదని చెప్పాలని ఉంది. అబద్ధం. "పెరుగు, నువ్వూ పెరుగు" అనుకున్నాను. ఉత్త అవిసె రొట్టె పెనం మీదే విరిగిపోయేది. జొన్నపిండి పడగానే ముద్ద కుదిరింది, రొట్టె గుండ్రంగా వచ్చింది, ఆ ముదురు రంగులో తేడా ఎవరికీ తెలియలేదు. "ఇయ్యాల రొట్టె మంచిగైందక్కా, మెత్తగున్నది" అని రజిత మురిసిపోయింది. అప్పుడైనా ఆగాలి కదా మనిషన్నాక? ఆగలేదు. గుప్పెడు కాస్తా పిండిలో సగం అయింది. పనీరు కూరలో బియ్యప్పిండి కలిపాను. ఆమె నన్ను మెచ్చుకుంటూ తినేది. నేను పక్కనే కూర్చుని వడ్డించేదాన్ని.

మా మరిది ప్రతి ఆదివారం తూకం మిషన్ వరండాలో పెట్టి, అందరి ముందూ ఆమెను దాని మీద నిలబెట్టేవాడు, మార్కెట్ యార్డులో పసుపు బస్తాను ఎక్కించినట్టు. తగ్గుతూ వచ్చిన బరువు ఆగింది. తర్వాత పెరగడం మొదలైంది. దొంగతనంగా తింటున్నావని ఆయన అరిచాడు. తినలేదని ఆమె ఒట్టు పెట్టింది. ఎవరు నమ్ముతారు? తిండి కాడ అబద్ధాలెందుకని మా అత్తమ్మ కూడా అంది. ఆఖరికి ఆయన సామాన్ల అర్రకు తాళం వేసి, తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. కంచే చేను మేసిందంటే ఇదే. నేను ఆ తాళంచెవిని కొంగుకు ముడేసుకుని, ఏమీ ఎరగనట్టు ఇల్లంతా తిరిగాను.

ఒకరోజు నేను పిండి కలుపుతుంటే రజిత వచ్చి పీట వాల్చుకుని కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది.

"అక్కా, నేను నిద్రల లేసి తింటున్ననేమో" అంది.

"గట్లెందుకంటున్నవ్?"

"మరెట్ల పెరుగుతున్న? నువ్వైతే అన్ని సూసుకుంట వండుతున్నవ్. నాకు తెల్వకుండ నేనే తింటున్ననేమో. నువ్వెప్పుడన్న సూసినవా? సూస్తే చెప్పక్కా. ఏమనుకోను."

నా చేతులు పిండిలోనే ఉన్నాయి. ఆ పిండిలోనే.

"ఏమో. నేనైతే సూడలే" అన్నాను.

లేదు, నువ్వు తినడం లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. జొన్నపిండి సంగతి దాచుకుని కూడా ఆ మాట అనొచ్చు. ఏమో అన్నాను. ఆమె తల ఊపింది, నమ్మింది. నన్ను నమ్మింది, తనను నమ్మడం మానేసింది. పిండి వేసిన పాపం కంటే ఈ "ఏమో" పాపం పెద్దదని నాకు అప్పుడే తెలుసు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆమె కీటో వదిలేసింది. నోరు కట్టుకోలేనిదని పేరు మిగిలింది. చుట్టుపక్కల ఆడవాళ్లు పని చేస్తదా అని నన్నడిగితే, "నేనే వండిన గదా, గది ఉత్తదే" అని చెప్పాను, పెద్దమనిషిలా. నాకేం తెలుసని చెప్పాను? మా ఇంట్లో అది పని చేసేదో లేదో తెలిసే దారే లేకుండా చేసింది నేను. అది అందరికీ పడదు, ఎక్కువ కాలం నడపడం కష్టం అని డాక్టరు తర్వాత అన్నాడట. కావచ్చు. నేను వేలు పెట్టకపోయినా ఆమె ఏదో ఒకరోజు విసిగి అన్నం కంచం లాక్కునేదేమో. కానీ అప్పుడు ఆమె తనకై తాను మానేసినట్టయ్యేది. దొంగ అనిపించుకునేది కాదు. ఇప్పుడు ఆమెకు షుగర్ ఉంది, రోజూ గోలీలు వేసుకుంటుంది. నా పిండి వల్లేనా? ఎట్లాగూ వచ్చేదేనా? ఎట్లాగూ వచ్చేదే అని నాకు నేను చెప్పుకోబోతే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమెకే చెప్పొచ్చు కదా అంటారు మీరు. చెబితే "పోనియ్యక్కా" అంటుందని, ఆ మాట నేను భరించలేనని చాలాకాలం అనుకున్నాను. అదీ దొంగమాటే. మళ్లీ నా చేతి ముద్ద తినదని నా భయం. ఇంత చేసీ ఆ వంటిల్లు, ఆ పెద్దరికం నాకు కావాలి. ఛీ.

తాళం ఎప్పుడో తీసేశాం. తూకం మిషన్ ఎక్కడ పడేశాడో మా మరిదికి గుర్తు కూడా లేదు. రజిత ఒక్కతే మరిచిపోలేదు. ఈ ఇంట్లో ఆమె ఏది నోట్లో పెట్టుకున్నా ముందు పైకి చెబుతుంది. అరటిపండు తింటున్న. రెండు బిస్కెట్లు తింటున్న. పిల్లలు ఆమెను అనుకరించి నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. నేను ప్రతిసారీ సరే అంటాను, అనుమతి ఇచ్చేదాన్లా.

ఇంతవరకు రాశాక గొంతు కొంచెం తెరుచుకున్నట్టుంది. ఊపిరి ఆడుతోంది. నాకు ఊపిరాడటం మీద కూడా నాకు కోపంగానే ఉంది.

ఇప్పుడే లోపలి నుంచి ఆమె పిలిచింది. "అక్కా, గుప్పెడు పల్లీలు తింటున్న!"

"నాకెందుకు చెప్తున్నవే, తిను!" అని గట్టిగా అరిచాను. అరవాలనుకోలేదు. అరుపే వచ్చింది.

 లోపల పల్లీల డబ్బా మూత మళ్లీ పెట్టేసిన చప్పుడు వినిపించింది.