తేట నీళ్ల పెద్దబాపు

రెండు వారాల కిందట గురువారం తెల్లవారుజామున మా ఎదురుగది పెద్దబాపు పోయారు. నిద్రలోనే. కార్పొరేషన్ నల్లా వచ్చే వేళకు మా వరుసలో ముందుగా తెరుచుకునేది ఆయన తలుపే. ఆ రోజు తెరుచుకోలేదు. మా ఆయన వెళ్లి తలుపు నెట్టి చూసి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఏమీ అడక్కుండానే నాకు అర్థమైంది.

ఆయన మాకు చుట్టం కాదు. సూరత్ బమ్రోలిలో మా మగ్గాల వాళ్లందరికీ ఆయన పెద్దబాపే. ముప్పై ఏళ్లు ఊరి చివర సచిన్ అనే పారిశ్రామికవాడలో ఒక రంగుల మిల్లులో, వాడిన నీటిని శుభ్రం చేసే చోట పనిచేశారు. ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా వచ్చే నీళ్లను చూసి, ఆ రోజు ఏ రంగు చీరలు అద్దారో చెప్పేవారట. భార్య పోయింది, కూతురు పెళ్లయి సిరిసిల్లలో ఉంది. పని మానేశాక ఆయన గదిలో మంచం, స్టౌ, రెండున్నర అడుగుల అద్దాల తొట్టి, అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు మిగిలాయి.

ఆ తొట్టిలో నీళ్లున్నట్టే తెలిసేది కాదు. ఫిల్టర్ ఆయనే కట్టుకున్నారు: ప్లాస్టిక్ డబ్బా, అడుగున గులకరాళ్లు, పైన స్పాంజి, గాలి కొట్టే చిన్న మోటారు. నల్లా నీళ్లను నేరుగా పోసేవారు కాదు, బ్లీచింగ్ వాసన పోయేదాకా మూత తీసిన బకెట్‌లో ఒక రోజంతా ఉంచేవారు. వారానికొకసారి పావు వంతు నీళ్లు మార్చేవారు. తొట్టి వెనక గుజరాతీ పేపరు పట్టుకుని, ముందు నుంచి సన్న అక్షరాలు చదవగలిగితే ఆ వారానికి పాసైనట్టు. గుజరాతీ తనకు అలాగే వచ్చిందని నవ్వేవారు. మేత మాత్రం చిటికెడంటే చిటికెడే. మా పాప ఇంకొంచెం వేయబోతే చెయ్యి పట్టుకుని, చేప ఆకలితో చావదు, మనం పెట్టిన తిండితోనే చస్తుందని చెప్పేవారు.

మగ్గాలు ఆగిపోయిన మొదటి లాక్‌డౌన్‌లో మా ఆయన ఆ తొట్టి ముందే ఎక్కువ సేపు గడిపాడు. రోజంతా చప్పుడులో బతికిన మనిషికి ఆ నిశ్శబ్దం పడలేదు. పెద్దబాపు ఆయనను పలకరించి పిలిచి, స్పాంజి పిండమనో మోటారు విప్పి చూడమనో ఏదో ఒక పని చెప్పేవారు. సాయంత్రానికి మా ఆయన మొహం కాస్త తెరిపిన పడేది.

రెండో వేవ్‌లో పెద్దబాపుకు జ్వరం పట్టుకుంది. ఆసుపత్రికి తీసుకుపోతుంటే గది తాళం నా చేతిలో పెట్టి, చేపలకు మేత వేయమని మాత్రమే చెప్పారు. నేను మేతతో ఆగలేదు. అప్పట్లో నేను కూరగాయలను సబ్బునీళ్లతో కడిగేదాన్ని, పాల పాకెట్లు తోమేదాన్ని, గడియ తుడవనిదే తలుపు ముట్టుకునేదాన్ని కాదు. ఆయన తిరిగొచ్చేసరికి తొట్టి మెరిసిపోవాలనుకున్నాను. చేపలను గిన్నెలోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, స్పాంజిని, రాళ్లను నల్లా కింద పెట్టి గోధుమరంగు మురికి పూర్తిగా పోయేదాకా రుద్దాను. బకెట్‌లో నిలవ ఉంచిన నీళ్లతోనే తొట్టి నింపాను. చాలా బాగా చేశానని అనుకున్నాను.

మూడో రోజుకు నీళ్లు గంజిలా తెల్లబడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. ఒకటి చచ్చిపోయింది, మర్నాడు ఇంకొకటి. పెద్దబాపు రోజూ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్ చేసేవారు, ఆక్సిజన్ మీద ఉండటం వల్ల రెండు మాటలకే ఆయాసపడేవారు. చేపలెట్లున్నాయని అడిగితే రెండు రోజులు బాగున్నాయనే చెప్పాను. ఈ కబురు వింటే ఆయన తట్టుకోగలరా అని నా భయం. దాచితే ఆ మిగిలిన రెండూ పోతాయని మా ఆయన అన్నాడు. ఆ మర్నాడు ఫోన్‌లో ఏడుస్తూ అంతా చెప్పేశాను.

స్పాంజిని ఏ నీళ్లతో కడిగానో అడిగారు.

"నువ్వు కడిగింది మురికి కాదు బిడ్డా," అన్నారు. "పనోళ్లను కడిగినవ్."

ఆగి ఆగి చెప్పారు. ఆ గోధుమరంగు పొరలో కంటికి కనబడని పురుగులుంటాయి, చేపల మలంలోని విషాన్ని తినేవి అవే. మిల్లులో అంతపెద్ద తొట్టిలో కూడా నీటిని బాగుచేసేది ఆ బురదే. నల్లా నీళ్లలోని మందు వాటిని చంపేసింది.

"నీళ్లు మనం సాఫ్ చెయ్యం. సాఫ్ చేసేటోళ్లను బతకనియ్యాలె, గంతే. వరాఛాల నా దోస్తు ఉన్నడు. ఆయన తొట్టి స్పాంజి పిండిచ్చుకొని రా. మేత బంద్ పెట్టు. రోజూ జర జర నీళ్లు మార్చు."

ఆ దోస్తు వజ్రాలు సానపట్టే గుజరాతీ పెద్దాయన. తన అపార్ట్‌మెంట్ల గేటు దాకా వచ్చి, మాస్కు వెనక నుంచి స్నేహితుడెలా ఉన్నాడని హిందీలో అడిగి, మట్టిరంగు నీళ్ల సంచి అందించాడు. తన స్పాంజిలో సగం కోసి అందులో వేశాడు. పాలపాకెట్‌నే సబ్బుతో తోమే నేను, ఆ మురికి సంచిని ఒళ్లో పెట్టుకుని బండి మీద బమ్రోలి దాకా వచ్చాను.

తర్వాత ఒక్క చేప కూడా పోలేదు. తెలుపు రోజురోజుకూ పల్చబడింది. పదో రోజుకు అడుగున ఉన్న గులకరాళ్లు ఒక్కొక్కటిగా కనిపించాయి. ఆ వారమే పెద్దబాపు ఇంటికొచ్చారు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చుని, ఉన్న రెండింటినీ చాలాసేపు చూశారు. పోయిన వాటి ఊసెత్తలేదు.

"ఇగ నీకు పని ఒచ్చింది," అన్నారు. ఆ తర్వాత తొట్టి పని నాతోనే చేయించారు. నేను స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు మెల్లగా పిండుతుంటే, చాలు, ఇంక వదిలెయ్యమని కుర్చీలోంచి చెయ్యి ఊపేవారు. అలా ఏడాది పైన హాయిగానే గడిచింది. ఆయన ఆయాసం కూడా తగ్గింది. నేను పాలపాకెట్లు తోమడం మానేశాను.

కర్మలయ్యాక ఆయన కూతురు తొట్టిని ఏం చేయాలో తెలియక నా వైపు చూసింది. నేను తీసుకుంటానన్నాను. పాత నీళ్లు సగం బకెట్లలోకి తోడాం. స్పాంజి ఆరిపోకుండా అందులోనే ముంచి ఉంచాను. మా ఆయన, నేను తొట్టిని చెరో వైపు పట్టుకుని నాలుగడుగుల నడవా దాటించాం. కదిలిన నీళ్లు మబ్బుగా ఉన్నాయి. నేనేమీ చేయలేదు.

నిన్న మా ఆయన షిఫ్టు నుంచి వచ్చేసరికి నీళ్లు తేటపడ్డాయి. జుట్టు నిండా మగ్గాల నూగుతో, చెప్పులు విడవకుండానే తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. రెండు చేపలూ వచ్చి ఆయన మొహానికి ఎదురుగా అద్దం దగ్గర ఆగాయి. కాసేపు ముగ్గురూ కదల్లేదు.