మాట అందించని తాత

పక్కింటి తాత పోయాడని అమ్మ రాసిన కార్డు మంగళవారం మధ్యాహ్నం వికారాబాద్‌లో నేను పాఠాలు చెప్పే బడికి వచ్చింది. నాలుగే వాక్యాలు. చివరిది: "పోయే ముందు, బిడ్డ పాఠాలు మంచిగ చెప్తున్నదా అని అడిగిండు." కార్డును పుస్తకంలో పెట్టుకుని తరగతికి వెళ్ళాను. ఆ రోజు పాఠం తాతా నేనూ కలిసి చదివిన నాటకమే.

కలిసి చదివాం అన్నాను గానీ ఆయనకు ఇంగ్లీషు రాదు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగే ఒక నాటక కంపెనీలో మాట అందించేవాడు. తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడి, వేషగాళ్ళు మరిచిపోయిన మాటను మెల్లగా వాళ్ళ చెవిన వేయడం ఆయన పని. కంపెనీ మూతపడ్డాక తాండూరులో కూతురి దగ్గర, మా పక్కింట్లో ఉండిపోయాడు. పత్రిక చదివినా బొటనవేలు పంక్తి కింద జరుపుతూ చదివేవాడు.

తాండూరు నుంచి రోజూ రైల్లో వెళ్ళి చదివే కాన్వెంటులో నేను ఒకసారి ఇంగ్లీషు తప్పాను. రాత పరీక్షలో కాదు, నోటి పరీక్షలో. సిస్టర్ల ముందు నోరు తెరవలేకపోయాను. నాన్న తిట్టలేదు. "ఇంకొక్కపారి చూస్త బిడ్డా. గప్పుడు గూడ గిట్లనే అయితే బడి చాలు" అన్నాడు. నాన్న అన్నాడంటే అన్నట్టే.

రెండోసారి నోటి పరీక్షకు వచ్చిన పాఠం ఒక విషాద నాటకం. శత్రువు వెనక్కి పోయేదాకా తలుపు తీయనని ఒక కోట నాయకుడు అందరి ముందు ఒట్టు పెట్టుకుంటాడు. గాయపడిన సొంత తమ్ముడు వచ్చి తలుపు కొడితే, శత్రువు పన్నాగమనుకుని తీయడు. తీసేసరికి తమ్ముడు గడప మీద ప్రాణం వదిలి ఉంటాడు. నాయకుడు మళ్ళీ తలుపు వేసుకుని లోపలే ఉండిపోతాడు. బయట నిలబడి చెల్లెలు ఆ మూసిన తలుపుతో మాట్లాడుతుంది. ఆ మాటలు నేను అప్పజెప్పి, అర్థం వివరించాలి.

అరుగు మీద కూర్చుని సిస్టర్ ఇచ్చిన నోట్సు వల్లిస్తుంటే తాత విన్నాడు.

"గదేం చదువే, జపం చేసినట్టు?"

"నాటకం తాతా. దీంట్ల ముఖ్యమైంది గర్వం అని రాసిచ్చిన్రు."

"గర్వం ఏడున్నదో చూపియ్యి."

"మొత్తంల ఉన్నది."

"మొత్తంల ఉంటే ఏడ లేనట్టే. ఏ మాటల ఉన్నదో గా మాట చదువు."

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం రైలు దిగి రాగానే ఇంగ్లీషు పైకి చదివి, తెలుగులో అర్థం చెప్పేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "మొదట్ల వీడు నోరు మూసెటోడు కాదు. గిప్పుడు చూడు, మాటలు కురచగైతున్నయి" అన్నాడు. వెనక్కి తిప్పి చూశాను. మొదటి అంకంలో నాయకుడి ప్రతి జవాబూ అర పేజీ. తమ్ముడు తలుపు కొట్టాక ఒక్కొక్క పంక్తి. తలుపు తీశాక మూడే మాటలు. ఇది నోట్సులో లేదు. ఆ రోజు మొదటిసారి నా సొంత వాక్యం ఒకటి పుస్తకం అంచున రాసుకున్నాను.

"గా చెల్లె ఏడ నిలబడ్డది? చెయ్యి ఏడున్నది?" అని కూడా అడిగేవాడు.

"పుస్తకంల రాయలే తాతా."

"రాయరు. నువ్వే పెట్టాలె."

ఆమె చెయ్యి తలుపు చెక్క మీద పెట్టాను.

తన పనిలో జరిగిన ఒక తప్పు కూడా చెప్పాడు. "తండ్రి వేషగాడు కొడుకు శవం ముందట ఆగిండు. మర్చిపోయిండనుకొని మాటందించిన. జనం నవ్విన్రు. గాయన మర్చిపోలే, ఏడుస్తుండె." తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు. "మర్చిపోయినోని కండ్లు దిక్కులు చూస్తయి బిడ్డా. కావాలని ఆగినోని కండ్లు కిందికుంటయి. గప్పుడు నాకు తెల్వకపాయె."

పరీక్ష రోజు నాన్నకు రైల్వే స్టేషన్‌లో డ్యూటీ. తాతే తోడు వచ్చాడు.

"మర్చిపోతే అందిస్తవా తాతా?" రైల్లో అడిగాను.

"ఇంగ్లీషు రాదు గని దాని చప్పుడు మొత్తం వస్తది. అందిస్తె మీ సిస్టరమ్మ నన్ను గేటు బయట నిలబెడ్తది. నిలబెట్టనీ. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆయన వరండాలో, కిటికీ పక్కన నిలబడ్డాడు. నేను సగం దాకా చెప్పి ఆగిపోయాను. తరువాతి మాట లేదు. ఎంత వెతికినా లేదు. తల వంచుకుని ఆయన గొంతు కోసం ఎదురుచూశాను. రాలేదు. కిటికీ నీడ నేల మీద పడి ఉంది. అందులో చెక్క మీద ఆనిన ఒక చెయ్యి నీడ. తాతది. చెయ్యి ఏడున్నది? తలుపు మీద. తలుపు వెనక అన్న ఉన్నాడు. మాట వచ్చింది. చివరిదాకా చెప్పాను. అర్థం అడిగితే, కురచవుతూ వచ్చిన మాటల సంగతి చెప్పాను. సిస్టర్ కలం కింద పెట్టి విన్నారు.

తిరుగు ప్రయాణంలో తాత సంతోషం పట్టలేకపోయాడు. "ఏం ఆగినవే! కండ్లే ఎత్తలే. నోటిదాకొచ్చిన మాట మింగిన. ఒకపారి చేసిన తప్పు మల్ల చెయ్యలే." ధారూర్ దాటుతుంటే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

నేను నిజంగానే మరిచిపోయాను. నా కళ్ళు ఎప్పుడూ కిందికే ఉంటాయి, అది భయం. ఆ మాట ఆయనకు అప్పుడూ చెప్పలేదు, తరువాతా చెప్పలేదు. కళ్ళు దించుకుని ఆగింది మరిచిపోయి కావచ్చని ఆయనకు తోచనే లేదు. ఆయన మాట అందించకుండా ఆగిన ఆ కాస్త వ్యవధి చాలింది నాకు. బడి ఆగలేదు. ఇప్పుడు నేనే పాఠం చెబుతున్నాను, చెయ్యి ఎక్కడుందని పిల్లల్ని అడుగుతున్నాను.

ఆ మంగళవారం బంట్వారం నుంచి వచ్చే అమ్మాయి లేచి చెల్లెలి మాటలు అందుకుంది. సగంలో ఆగింది. కళ్ళు నేల మీద. మరిచిపోయిందో, కావాలని ఆగిందో నాకు తెలియలేదు. మాట నా నోటిదాకా వచ్చింది. ముందు బెంచీ పిల్లలు నా వంక చూశారు. నేను పెదవులు బిగించుకున్నాను. పంక్తి కింద నా బొటనవేలు అలాగే ఉంది.

ఆ అమ్మాయి చెయ్యి మెల్లగా లేచి, అక్కడ లేని తలుపు మీద ఆనింది.