వేట కాదు, వల

ఆ పొద్దున అప్పలసూరి తెప్పకు ఎవరూ భుజం పట్టలేదు.

మొగపేటలో ఇది చిన్న సంగతి కాదు. తెప్ప ఇసుకలోంచి నీళ్లలోకి దిగాలంటే నలుగురు కావాలి. అది ఎవరి తెప్ప అని ఎవరూ అడగరు. ఒడ్డున ఉన్నవాడు బీడీ పారేసి వస్తాడు, భుజం ఆనిస్తాడు, తెప్ప తేలగానే వెనక్కి పోయి ఇంకో బీడీ ముట్టిస్తాడు. ముందురోజు తన్నుకున్నవాళ్లయినా సరే. అలాంటిది ఇరవైమంది మగాళ్లు వలలు కుట్టుకుంటూ కూర్చుని, అరవై నాలుగేళ్ల మనిషి ఒంటరిగా దుంగలతో కుస్తీ పడుతుంటే తల ఎత్తలేదు.

ఎత్తింది మరిడమ్మ ఒక్కతే. ఆమె అప్పలసూరికి వదిన, చచ్చిపోయిన అన్నకి పెళ్లాం. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషి. ఆమె నోటికి ఊరంతా భయపడుతుంది.

"ఏటి మరిదీ, సంతకం ఎట్టిన సెయ్యికి తెప్ప లొంగట్లేదా? నీ జీపోళ్లని పిలు. ఆల్లొచ్చి నెడతారు."

మగాళ్లు నవ్వారు. అప్పలసూరి దుంగని సర్దుకున్నాడు. అతని దగ్గరున్నది ఒకటే మాట, అది వినేవాడు ఆ ఒడ్డున లేడు.

అప్పలసూరి గేలంవాడు. వల పట్టింది బతుకులో ఒక్కసారే, పద్నాలుగేళ్లప్పుడు, అదీ పెద్దరాయి మీద. పెద్దరాయి అంటే ఒడ్డుకు మూడు మైళ్ల దూరంలో సముద్రం అడుగున ఉన్న బండ. పైకి ఏమీ కనపడదు. కోనాలు, పారలు లాంటి పెద్ద చేపలు గుడ్లు పెట్టడానికి అక్కడే చేరతాయి. ఆ రోజు వల నిండా చేపతో తిరిగొచ్చిన కొడుకుని తండ్రి మెచ్చుకోలేదు. వలని ఇసుకలో కుప్పపోసి కిరసనాయిలు పోసి తగలబెట్టాడు.

"రాతి మీద గేలమేరా! గేలానికి ఆకలేసిన సేప ఒకటొస్తాది. వలేస్తే తల్లీ పిల్లా అన్నీ వస్తాయి. మళ్లేడు ఏటి తింటావు, రాయి తింటావా?"

ఆ తర్వాతే రాయి గురుతు చెప్పాడు. పడమర శ్రీకూర్మం గుడి శిఖరం వెనక కొండ తల సరిగ్గా కూర్చోవాలి. ఉత్తరాన లైట్‌హౌసు జంట తాటిచెట్ల మధ్య నిలబడాలి. ఆ రెండూ ఒక్కసారి కుదిరిన చోట కింద రాయి ఉంటుంది. తుఫానుకి ఆ చెట్లు పడిపోతే అప్పలసూరి పది రోజులు నీళ్ల మీద తిరిగి, కొత్తగా లేచిన సెల్ టవర్ని వాటి బదులు పెట్టుకున్నాడు. అతనికి పిల్లల్లేరు. గురుతు మేనల్లుడు ఈశ్వర్‌కి దక్కాలి. కానీ ఈశ్వర్ రింగు వలలో వాటాదారుడు. చేపల గుంపుని గుంపుగా చుట్టేసి అడుగున మూతి బిగించే వల అది. అలాంటివాడికి రాయి చూపించడమంటే దొంగకి తాళం చెవి ఇవ్వడమేననుకుని గురుతు చెప్పలేదు.

చెప్పకపోతే ఆగిందా? సముద్రం అడుగు చూపించే మిషన్లు పెట్టుకున్న ట్రాలర్లకి గురుతులతో పనేముంది? రెండేళ్ల కింద అవి రాయిని కనిపెట్టాయి. వాటి వెనకే ఈశ్వర్ రింగు వలా వచ్చింది. అప్పలసూరి గేలానికి వారంలో ఒక్క కోనాం కూడా తగలని రోజులొచ్చాయి.

సరిగ్గా అప్పుడు దిగింది ఆమని. తాబేళ్లని కాపాడే సంస్థలో ఉద్యోగం. చలికాలమంతా చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన తాబేళ్ల డొప్పల మీద రంగుతో నంబర్లు వేసుకుంటూ తిరిగేది. ట్రాలర్లని ఆపాలంటే రాయి ఎక్కడుందో ప్రభుత్వానికి చూపించాలంది. అప్పలసూరి ఆమెని తెప్ప మీద తీసుకెళ్లి గుడినీ, కొండనీ, టవర్నీ కుదిర్చి చూపించాడు. ఆమె ఫోను నొక్కింది. రెండు తరాలు నోరు మెదపకుండా దాచింది ఫోను తెర మీద రెండు అంకెలైపోయింది.

"ఈ రాతి మీద వలెయ్యకూడదమ్మా. అదే రాయి," అన్నాడు.

ఆమె ఊరి తరఫున ప్రభుత్వానికి అర్జీ రాసింది. ఏం రాసిందంటే, 'వేట నిషేధ ప్రాంతం'.

తుఫాను షెల్టర్లో పైకి చదివి వినిపించింది కూడా. పదకొండుమంది పెద్దలు విన్నారు, తలలూపారు. మొగపేటలో వేట నిషేధమంటే వేసవిలో రెండు నెలలు. అప్పుడు ఇంజను బోట్లు ఒడ్డెక్కుతాయి, తెప్పలూ గేలాలూ మామూలుగా తిరుగుతాయి. తాతల కాలంనుంచి కాకపోయినా, వాళ్లు ఎరిగినంత కాలం ఆ మాటకి అర్థం అదే. ట్రాలర్లు పోతాయి, మనం ఉంటాం అనుకున్నారు. అప్పలసూరి ముందు సంతకం పెట్టాడు. అతనికి వచ్చిన చదువు తన పేరు రాసుకోవడం, నాలుగు అక్షరాలు గుర్తుపట్టడం, అంతే. అతన్ని చూసి మిగతా పదిమంది పెట్టారు. ఆ పదిమందిలో ఒకతెగా, మొగుడు పోయిన ఇంటికి పెద్దదిక్కుగా మరిడమ్మ వేలిముద్ర వేసింది.

నాలుగు నెలలకి రాయి చుట్టూ హద్దు గుర్తులుగా ఎర్ర బోయలు, అంటే నీటి మీద తేలే డబ్బాలు, వెలిశాయి. గస్తీ బోటు మొదట పట్టుకున్నది ఎవరినో తెలుసా? అప్పలసూరినే. తెప్ప మీదున్న గేలాలు లాక్కున్నారు. మర్నాడు ఈశ్వర్ రింగు వల పోయింది. ఆ వారమే ఊళ్లో అతనితో మాటలు ఆగిపోయాయి.

తెప్ప కదలని ఆ రోజే షెల్టర్లో మీటింగు. జిల్లా నుంచి ఉపేంద్ర అనే అధికారి అర్జీ కాగితం పట్టుకుని జీపులో వచ్చాడు, పక్కన ఆమని. ఈశ్వర్ కుర్చీ తన్ని లేచాడు.

"సారూ, ఆ కాయితం సింపీండి. మాకు తెలీకుండా ఈ ముసలోడు రాయిని అమ్మీసాడు."

"ఎవరికి అమ్మాన్రా?" అన్నాడు అప్పలసూరి.

"తాబేళ్లకి!"

షెల్టరంతా గొల్లుమంది. ఆమని మొహం ఎర్రబడింది. "ఇలా నవ్వుకుంటూ ఉండండి. పోయిన చలికాలం ఈ ఒక్క ఒడ్డునే రెండొందల పన్నెండు తాబేళ్లు చచ్చాయి. మీ వలల్లోనే."

"మా వలలేటి, ట్రాలర్లవి! ఆల్లనడగడానికి నోరు రాదు గానీ మా మీదకొస్తాది," అని వెనకనుంచి మరిడమ్మ. "తాబేలంటే కూర్మనాధుడని దండమెట్టీవోళ్లం మేం. నువ్వొచ్చి నేర్పక్కర్లేదు."

ఉపేంద్ర బల్ల చరిచాడు. కాగితం మీద ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చేసిందన్నాడు. రద్దు చెయ్యడం తన చేతిలో లేదన్నాడు. తప్పుంటే నెల లోపల సవరణ అడగొచ్చు, అంతే.

"తప్పున్నాది," అన్నాడు అప్పలసూరి.

"కూకో మావా. నువ్వు సేసిన తప్పు సాలు," అన్నాడు ఈశ్వర్.

అతను కూర్చోలేదు. బల్ల దగ్గరికెళ్లి ఆమని వైపు చూశాడు. "నాను నీకు ఏటి సెప్పాను? వలెయ్యకూడదని సెప్పాను. నువ్వేటి రాసావు? వేట అని రాసావు. వలా వేటా ఒకటేటి?"

"రెండూ చేపలు పట్టడమే కదా పెద్దాయనా."

"నీకొకటే. నాకు కాదు. ఆ మాటెక్కడున్నాదో సూపించు."

ఆమె వేలితో చూపించింది. అతను ఉపేంద్ర జేబులో పెన్ను తనే తీసుకున్నాడు. 'వేట'లో వే మీది గీతని కొట్టేస్తే వ మిగిలింది. ట మొత్తం కొట్టేసి, అడుగున తన సంతకం వైపు చూశాడు. అ, ప్ప, ల. మూడోది చూసి దించాడు. అక్షరం వంకరగా వచ్చింది గానీ, అక్కడిప్పుడు 'వల' అని ఉంది.

"ఇలా దిద్దితే చెల్లదయ్యా," అన్నాడు ఉపేంద్ర. గొంతు కొంచెం తగ్గింది. "దిద్దిన చోట పదకొండుమందీ మళ్లీ సంతకం చెయ్యాలి."

"వద్దు, నేనొప్పుకోను," అంది ఆమని. "గేలానికి వదిలితే రేపు వలా వస్తుంది. నాకు తెలుసు మీ సంగతి."

"నీ సంగతీ మాకు తెలిసింది తల్లీ," అన్నాడు అప్పలసూరి.

అతను ఊరి వైపు తిరిగాడు. బతిమాలడం అతనికి రాదు. "సంతకం ఎట్టకపోతే కాయితం మీద వేటే ఉంటాది. గేలం కూడా పోతాది. మీ ఇష్టం."

ఎవరూ కదల్లేదు. చివరికి మరిడమ్మ గంప పక్కన పెట్టి వచ్చి వేలు సిరాలో ముంచింది. "నీ మొకం సూసి ఎయ్యట్లేదు. నా గంపలోకి రాతి సేప రావాల. అంతే."

తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. అతని మొహం చూడకుండా వచ్చారు, పెన్ను అతని చేతిలోంచి కాకుండా బల్ల మీంచి తీసుకున్నారు. తొలిసారి సంతకం పెట్టి ఆ తర్వాత పోయిన తండ్రి స్థానంలో ఈశ్వర్ ఆఖరున పెట్టాడు. కాగితానికి చిల్లు పడేంత ఒత్తి పెట్టాడు.

"రింగు వల పోయినాది నీ వల్లే. సచ్చినా మర్సిపోను."

"మర్సిపోకు," అన్నాడు అప్పలసూరి.

ఇరవై రోజులకి గస్తీ బోటువాడు గేలాలు తిరిగిచ్చి, రాతి మీద గేలం వేసుకోవచ్చన్నాడు. మర్నాడు తెల్లారేసరికి ఆరు తెప్పలు పెద్దరాయికి బయల్దేరాయి. గుడీ కొండా టవరూ ఎవరికీ అక్కర్లేదు, బోయలే దారి చూపిస్తున్నాయి. ముందు తెప్ప ఈశ్వర్‌ది. దానికి పదిమంది భుజం పట్టారు.

అప్పలసూరి తెప్ప ఇసుకలోనే ఉంది. దాని కింద రెండు కొబ్బరి దుంగలు దొర్లించి, అల వచ్చి అడుగు తడిపినప్పుడల్లా ఒక్క తోపు తోస్తున్నాడు. తోపుకి బెత్తెడు జరుగుతోంది. అల వెనక్కి పోగానే దుంగ తీసి ముందు పెట్టుకుంటున్నాడు. భుజం తోలు లేచింది.

మరిడమ్మ వచ్చి కొంచెం దూరంలో గంప బోర్లించి దాని మీద కూర్చుంది.

"ఈ లెక్కన నువ్వెల్లేతలికి మద్దినం అవుతాది మరిదీ."

"అవనీ."

"నెట్టడానికి నాను రాను."

"నిన్నెవులు రమ్మన్నారు?"

"తొలి కోనాం మటుకు నాకే."

ఇంకో అల వచ్చింది. భుజం ఆనించాడు.