గుండీలమ్మ జవాబులు

మా ఆడపడుచును అందరూ గుండీలమ్మ అనేవాళ్ళు. చొక్కాకో కోటుకో గుండీ ఊడిపోయి, అలాంటిది ఎక్కడా దొరకనివాళ్ళు, మిగిలిన వాటిలో ఒకదాన్ని ఫోటో తీసి ఆమెకు పంపేవాళ్ళు. ఆమె వెతికి, జత కలిపి, పోస్టులో వేసేది. ఆమె షాపు వీధిలో కాదు, ఇంటర్నెట్‌లో ఉండేది. సరుకు మాత్రం మా ఇంటి వెనక గదిలో. గోడ పొడవునా చిన్న చిన్న సొరుగులు, ప్రతి సొరుగు మీదా పేరుకు బదులు లోపలి గుండీ ఒకటి అంటించి ఉండేది. "పేర్లు రాసుకోవచ్చుగా" అంటే, "రాస్తే చదవాలి వదినా, గుండీ అయితే చూస్తే చాలు" అనేది.

నేను కాపురానికి వచ్చేసరికి ఆమె బడికి వెళ్ళే పిల్ల. నోరు మాత్రం అప్పటికే పెళ్ళీడుకు వచ్చింది. తర్వాత బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో గుండీల విభాగంలో చేరింది. సంబంధాలు చూస్తే, "వచ్చినాయన చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయి, ఇక నాతో పనేముంది" అని తిప్పి పంపేసింది. ఫ్యాక్టరీ మూతపడినప్పుడు మిగిలిన గుండీలను బస్తాలతో ఇంటికి తెచ్చుకుంది. వాటితోనే షాపు మొదలైంది.

సైటు తయారుచేసినాయన నెరిసిన గడ్డంతో, ఎప్పుడూ నిద్ర చాలని మొహంతో ఉంటాడు. సైటుకు జబ్బు చేస్తే చూస్తాడని ఆమె ఆయనను డాక్టరు అనేది. మాకూ అదే అలవాటయింది.

ఆ షాపులో ప్రతి గుండీ కిందా కొన్నవాళ్ళు తమ అభిప్రాయం రాసే చోటు ఉంది. గుండీలమ్మ ఏ ఒక్కదాన్నీ జవాబు లేకుండా వదిలేది కాదు. ఒకాయన, "గుండీ మార్చినట్టు మా ఆవిడకు కూడా తెలియలేదు" అని రాశాడు. దానికి ఆమె, "తెలియకపోవడమా, నేను నమ్మను. తెలిసీ ఊరుకుంది. ఆ మహాతల్లికి నా నమస్కారాలు చెప్పండి" అని రాసింది. చాలామంది గుండీల కోసం కాకుండా ఆ జవాబుల కోసమే వచ్చేవాళ్ళని నాకు అనుమానం. అవి నీలం అక్షరాల్లో ఉండేవి, చివర నాలుగు కన్నాల గుండీ బొమ్మ ఒకటి.

ఆ అభిప్రాయాల పెట్టె సైటుతో పాటు వచ్చింది కాదు. వేరే ఎవరో తయారుచేసినదాన్ని తెచ్చి తగిలించుకోవాలి, ప్లగిన్ అంటారు. దాన్ని చేసినవాళ్ళు లోపాలు సరిచేసి అప్పుడప్పుడూ కొత్తది పంపుతుంటారు. డాక్టరు ఒకసారి కొత్తది వేశాడు. నీలం పోయి నలుపయింది, బొమ్మలు మాయమయ్యాయి.

"నా గుండీలన్నీ ఊడగొట్టావు కదయ్యా!" అని ఆమె ఫోనులోనే లేచింది.

"కొత్తదానిలో రంగులు, బొమ్మలు వేయనివ్వరక్కా. వాటి సందుల్లోంచే దొంగలు దూరుతారు. పాతది ప్రమాదం."

"పాతవి పోకుండా చూడటమే నా వ్యాపారం. పాతదే పెట్టు."

ఆయన ఎంత చెప్పినా వినలేదు. చివరికి పాతదే పెట్టాడు.

తర్వాత ఆమెకు జబ్బు చేసింది. ఆసుపత్రి మంచం మీద కూడా ఫోనులో జవాబులు రాస్తూనే ఉండేది. వానలు మొదలవకముందే పోయింది.

అప్పటి నుంచి ఆర్డర్లు నేనే పంపుతున్నాను. సొరుగు మీది గుండీ చూసి తీయడమే కాబట్టి నా చదువు సరిపోయింది. అభిప్రాయాల జోలికి మాత్రం పోలేదు. అక్కడ ఆమె మాట తర్వాత నా మాట పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఒక ఉదయం ఫోను మోగింది. నాటకాలవాళ్ళకు దుస్తులు కుట్టే దర్జీ ఆవిడ, మాకు పాత బేరం.

"ఏమ్మా, డబ్బు కట్టబోతే ఏదో పేజీ వచ్చి కార్డు మీది నంబర్లన్నీ మళ్ళీ కొట్టమంటోంది. చూడ్డానికి మీ షాపులాగే ఉంది గానీ మాట తీరు మీది కాదు. 'దయచేసి వివరాలు నమోదు చేయగలరు' అంట. గుండీలమ్మ ఎప్పుడైనా దయచేసి అందా? ఒకసారి ఆవిడతో చెప్పు."

"చెప్తానండీ" అన్నాను. పోయిందన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

డాక్టరు వచ్చి ముందు ఎవరూ డబ్బు కట్టకుండా సైటుకు తాళం వేశాడు. చాలాసేపు చూసి, దీన్ని క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటారన్నాడు.

"పేరు వింటేనే జ్వరం వచ్చేలా ఉంది. అంటే ఏంటి?"

"అభిప్రాయం రాసేచోట ఎవడో మాటలతో పాటు కంప్యూటర్‌కి ఆజ్ఞలు కూడా రాశాడక్కా. పాత ప్లగిన్ వాటిని వడగట్టకుండా అలాగే పేజీలో పెట్టేసింది. చూసేవాళ్ళ ఫోను అది షాపే చెప్పిందనుకుంటుంది, చెప్పినట్టు చేస్తుంది. ఎప్పుడో దాచిపెట్టి, ఇప్పుడు వాడు మన గొంతుతో మాట్లాడుతున్నాడన్నమాట."

మా ఆయన గుమ్మంలోనే నిలబడి, "మూసేయండి. మనిషే లేదు, ఇంకా షాపేంటి" అని లోపలికి వెళ్ళిపోయాడు.

"మూయక్కర్లేదు, అభిప్రాయాలన్నీ తీసేస్తే చాలు. ఏ మూల ఏం దాచాడో తెలీదు కదా" అన్నాడు డాక్టరు.

"మరి ఆమె జవాబులు?"

"అవీ పోతాయి. కావాలంటే కాగితాల మీద అచ్చు తీసిస్తాను."

"కాగితాలైతే నేనొక్కదాన్నే చదువుకోవాలి. ఆమె కొనేవాళ్ళ కోసం రాసింది బాబూ. అవి షాపులోనే ఉండాలి."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "వెతికే యంత్రాలున్నాయి గానీ దొంగలు మాటల్ని ముక్కలు చేసి దాస్తారు. ఎవరో ఒకరు కూర్చుని అన్నీ కళ్ళతో చదవాలి. నాకంత తీరిక లేదక్కా."

"నాకుంది" అన్నాను.

ఆజ్ఞలు పనిచేయకుండా, ఉత్త అక్షరాలుగా అన్నిటినీ ఒక ఫైలులో పెట్టి ఇచ్చాడు. రంగుకు, బొమ్మకు ఆమె వాడిన గుర్తులు ఎలా ఉంటాయో చూపించాడు. అవి కాకుండా వంకర గుర్తులు ఎక్కడ కనిపించినా చెప్పమన్నాడు. వంట అయ్యాక బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని చదివేదాన్ని. వేలు పెట్టి, ఒక్కో పదం. "గుండీ పెద్దదయింది" అని ఎవరో రాస్తే, "గుండీ సరిగ్గానే ఉందండీ, మీ కాజా అలిగింది. తిప్పి పంపండి, ఇద్దరికీ రాజీ చేస్తాను" అని ఆమె జవాబు. నేను నవ్వడం విని మా ఆయన వచ్చాడు.

"ఏంటంట?"

చదివి వినిపించాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత రోజూ ఆయన పైకి చదివేవాడు, నేను గుర్తులు చూసేదాన్ని. షాపు మూసేద్దామన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంచుమించు చివరికి వచ్చాక దొరికింది. "చాలా బాగుంది" అని రెండు ముక్కలు, పేరు ఉండాల్సిన చోట పేజీ పొడవునా వంకర గుర్తులు. అవి తెర మీద కనపడవు కాబట్టి ఆమెకు పేరు ఖాళీగా కనపడి ఉంటుంది. కింద ఆమె జవాబు ఉంది. ఆసుపత్రి నుంచి రాసిన ఆఖరి జవాబు అదే.

"పేరు కూడా చెప్పకుండా మెచ్చుకున్నావు, ఎవరివి నాయనా? ఏ గుండీ నచ్చిందో చెప్పు, ఇంకో రెండు ఊరికే పంపుతాను."

మా ఆయన చదవడం ఆపేశాడు. "దొంగ వెధవకి కూడా రెండు గుండీలు" అన్నాడు.

డాక్టరుకు ఫోను చేశాను. "దాని కింద ఉన్న జవాబు కూడా పోతుందక్కా. అది లేకుండా ఇది నిలవదు. ఫోటో తీసి ఉంచమంటారా?"

"వద్దు బాబూ. మేమిద్దరం చదివాం. తీసెయ్."

మిగిలినవన్నీ నిలిచాయి. కొత్త ప్లగిన్ వేశాడు, పాస్‌వర్డులన్నీ మార్చాడు, దొంగ వేసుకున్న దారులు మూసేశాడు. నీలం పోయి నలుపయింది, బొమ్మలు ఊడిపోయాయి. మాటలు మాటల్లాగే ఉన్నాయి.

షాపు తెరిచాక మొదటి అభిప్రాయం దర్జీ ఆవిడదే. "రాజు కోటుకు ఇత్తడి గుండీలు అతికినట్టు సరిపోయాయి. ఈ మధ్య గుండీలమ్మ జవాబులు లేవేంటి? రాజ్యమేమైనా దొరికిందా?"

ఆ పేరుతోనే జవాబిస్తే ఎవరికీ తెలియదు. కానీ ఇంకొకరి గొంతుతో మాట్లాడినవాణ్ణి ఆ షాపులోంచి ఇప్పుడే వెళ్ళగొట్టాం. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను.

"గుండీలమ్మ వానలకు ముందు చనిపోయిందమ్మా. ఆ రోజు ఫోనులో మీకు చెప్పలేకపోయాను. రాజుగారి గుండీల్లో ఏదైనా ఊడితే రాయండి, అదే సొరుగులో ఇంకా ఉన్నాయి. ఇట్లు, గుండీలమ్మ వదిన."