పడవలో జరిగిన మీటింగు

2022 వానాకాలం. అల్లవరం దగ్గర చెరువుల మధ్య ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో నేను హెచ్‌ఆర్ ఆఫీసరుగా చేరిన ఏడాది అది. హెచ్‌ఆర్ అంటే పనివాళ్ళ చేరికలు, సెలవులు, గొడవలు చూసే విభాగం. యాజమాన్యం మాట పనివాళ్ళకు చేరవేయాలి, వాళ్ళ మాట యాజమాన్యానికి చేరవేయాలి. మొదటిది ఎవరైనా చేస్తారు. జీతం రెండోదానికి ఇవ్వాలి.

రొయ్యల తొక్క తీసే పీలింగ్ హాల్లోకి వెళితే నాకు కలలో నడుస్తున్నట్టు ఉండేది. ఐసు మీంచి తెల్లటి పొగ లేచేది. తెల్ల కోట్లు, తెల్ల టోపీలు, మాస్కులు. ఆడవాళ్ళ ముఖాల్లో కళ్ళు మాత్రమే కనిపించేవి. నీళ్ళ చప్పుడు, అప్పుడప్పుడు మైకులో ఎవరినో పిలిచే కేక తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. కాసేపు నిలబడితే ఏ పని మీద వచ్చానో మరిచిపోయేదాన్ని. ఆ నిశ్శబ్దం చూసి మా మేనేజరు రాఘవరావుగారు, పని సాఫీగా సాగుతోందని మురిసిపోయేవారు.

ఆయన నెల్లూరు నుంచి వచ్చారు. మనసు వెన్న. కాకపోతే ట్రైనింగుల్లో విన్న పద్ధతులంటే ప్రాణం. షిఫ్టుకు ముందు రోజూ ఫీడ్‌బ్యాక్ మీటింగు పెట్టేవారు, అంటే కష్టసుఖాలు చెప్పుకునే సమావేశం. ఆడవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, సూపర్‌వైజర్లను అటూ ఇటూ కూర్చోబెట్టుకుని, "ఏ ఇబ్బంది ఉన్నా ధైర్యంగా చెప్పండి" అనేవారు. వాళ్ళకు పెద్దగా ఉండే లైన్ లీడరు కరుణమ్మగారు ఒక అడుగు ముందుకు వచ్చి, "ఏం లేదండీ, అంతా బాగానే ఉందండీ" అనేవారు. వెనక ఉన్నవాళ్ళంతా "ఆయ్" అనేవారు. మీటింగు అయిపోయేది.

ఒకరోజు సువార్త అనే అమ్మాయి బల్ల దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది. నీరసం అన్నారు డాక్టరుగారు. తిండి సరిగ్గా తినడం లేదనుకుని మేనేజరుగారు అందరికీ బిస్కెట్లు పంచించారు. "ఆయ్, అలాగేనండి" అని అందరూ తిన్నారు. ఆ వారంలోనే సువార్త మళ్ళీ పడిపోయింది. ఈసారి ఆయనకు కోపం వచ్చింది.

"రోజూ అడుగుతూనే ఉన్నాను కదండీ! ఆడపిల్లలు పడిపోతుంటే అంతా బాగుందని చెప్పే మనిషి లీడరుగా ఎందుకు? ఆ అమ్మాయిని ఇంటికెళ్ళి చూసొద్దాం పదండి. రాగానే కరుణమ్మను తీసేస్తున్నట్టు ఆర్డరు తయారుచేయండి" అన్నారు.

కరుణమ్మగారి భర్త మంచాన పడ్డాడు. ఆ ఇల్లు ఆమె రెక్కల మీదే నడుస్తోంది. కానీ ఆమె తరఫున వాదించడానికి నా దగ్గర ఒక్క మాట కూడా లేదు. మేనేజరు పక్క కుర్చీలో కూర్చునే మనిషినని ఆమె నాకూ ఏమీ చెప్పలేదు.

సువార్తది గోదావరి పాయ నడుమ ఉన్న లంక ఊరు. దారి చూపించడానికి కరుణమ్మగారే వచ్చారు. మేము పడవ ఎక్కేసరికి సన్నగా తుంపర పడుతోంది. నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. అవతలి కొబ్బరితోటలు ఒకసారి కనిపించి మళ్ళీ మసకలో కలిసిపోతున్నాయి. పడవ కదులుతోందో లేదో కూడా తెలియడం లేదు. ముగ్గురం ఒకే చెక్క మీద, ఒకే వైపు చూస్తూ కూర్చున్నాం. మధ్యలో నేను.

కరుణమ్మగారు నీళ్ళ వైపే చూస్తూ నాతో అన్నారు.

"మేడంగారండీ, సువార్త తిండి లేక పడిపోలేదండి. మంచినీళ్ళు తాగడం మానేసిందండి. మేమందరం మానేసేమండి."

"అదేమిటి, ఎందుకు?"

"తాగితే బాత్‌రూముకి వెళ్ళాలి కదండీ. వెళ్ళాలంటే చెయ్యెత్తి సూపర్‌వైజరుగారిని అడగాలండి. రావడం ఆలస్యమైతే ఆయన మైకులో పేరెట్టి పిలుస్తారండి. పెళ్ళి కావాల్సిన పిల్లండి, సిగ్గుతో చచ్చిపోతోందండి. ఈ మాట అంతమంది మగాళ్ళ ముందు, సారుగారి మొహమ్మీద ఎలా చెప్పేదండి?"

ఆ సారుగారు నాకు అటుపక్క మూరెడు దూరంలో కూర్చుని ఉన్నారు. అప్పుడు అర్థమైంది నాకు. మా ఇళ్ళలో పాత పద్ధతే ఇది. మా అమ్మ తన మామగారికి, అంటే మా తాతగారికి ఎదురుపడి మాట్లాడేది కాదు. ఆయనకు వినబడేలా పెరట్లో పిల్లితో, "ఇంట్లో బియ్యం నిండుకున్నాయే" అనేది. సాయంత్రానికల్లా బస్తా దిగేది. ఇవాళ పిల్లి పాత్ర నాకు దక్కింది. కదిలితే ఆమె మాట ఆగిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

రాఘవరావుగారూ నీళ్ళ వైపే చూస్తూ నాతోనే అన్నారు.

"విమలగారూ, ఆవిడకు చెప్పండి. రేపటి నుంచి ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ మైకు నేనే తీయించేస్తాను."

నేను ఇటు తిరిగేలోపే, "విన్నానని చెప్పండి మేడంగారండీ" అన్నారు కరుణమ్మగారు. పడవ నడిపే అతను ఫక్కున నవ్వాడు.

"ముగ్గురూ ఒక్క చెక్కమీదే ఉన్నారు గదండీ బాబూ!"

ఆ నవ్వుతో మేనేజరుగారు మొదటిసారి ఆమె వైపు తిరిగారు. "కరుణమ్మగారూ, వెనక్కి వెళ్ళగానే మిమ్మల్ని తీసేద్దామనుకున్నానండి" అన్నారు.

"ఆయ్, తెలుసండి" అన్నారామె, ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ. "మీ కేకలు బయటికి వినబడ్డాయండి. ఎలాగూ పోయే పనే కదాని, పిల్లల మాటైనా మీకు చేరాలని పడవెక్కేనండి."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ తర్వాత మా మీటింగులో కుర్చీలు లేవు. టీ వేళకు షెడ్డు అరుగు మీద ఆడవాళ్ళ పక్కన నేనూ కూర్చుంటాను. ఒకరు కొబ్బరిచెట్టు కేసి, ఒకరు చెరువు కేసి చూస్తూ ఏదో ఒకటి అంటారు. సంస్థల్లో సంభాషణ గురించి కుర్రవాళ్ళకు పాఠం చెప్పమని నన్ను పిలిచినప్పుడల్లా నేను చెప్పేది ఈ ఒక్క సంగతే. ధైర్యంగా చెప్పమని అడిగితే సరిపోదు, అంత ధైర్యం అవసరం లేని చోటు చూపించాలి. ఆ రోజు మేము పడవ ఎక్కకపోయి ఉంటే కరుణమ్మగారు ఇంట్లో కూర్చునేవారు. మరుసటి ఉదయం ఇంకెవరో ఒక అడుగు ముందుకు వచ్చి "అంతా బాగానే ఉందండీ" అనేవారు, మేము ఎప్పటిలాగే సంతోషంగా మీటింగు ముగించేవాళ్ళం.