పదకొండు ఎంచిన మా వదిన

మా మేనల్లుడు అచ్చు వేయించిన సమారాధన కార్డులో ఒక తప్పుంది. "హరికీర్తనలు వింటూ పరమపదించారు" అని వేశాడు. మా అన్న భార్య, మా వదిన, పోయిన గురువారం పొద్దున చింతామణిలో, కాఫీ తాగి, కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. అంతవరకు నిజం. కానీ అప్పుడు ఆమె వింటున్నది కీర్తనలు కాదు, ఒక మ్యాథ్ రాక్ ఆల్బమ్. పక్క కుర్చీలో ఉన్నదాన్ని నేను. అందుకే కార్డుతోపాటు ఈ కాగితం కూడా మీకు పంపుతున్నాను.

ఆ ఆల్బమ్ ఇంట్లోకి తెచ్చిన పాపం నాది. నేను హైస్కూల్లో లెక్కల మిస్సుగా రిటైరయ్యాననీ, ఆ సంగీతం పేరులోనే లెక్కలున్నాయనీ, మా మనవరాలు బెంగళూరు నుంచి నా ఫోనుకు పంపింది. రెండు గిటార్లు, ఒక డ్రమ్ సెట్టు, తొమ్మిది పాటలు, మాటల్లేవు. వదిన ఇంట్లో కూర్చుని పెట్టాను. నాలుగు నాలుగుగా వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. కుదరలేదు. మనవరాలికి ఫోను చేసి, "పాట మధ్యలో ఎగిరిపోతా ఉండాది, సరిగ్గా పంపు" అని గదమాయించాను.

వదిన ఎదురుగా కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. తలెత్తకుండానే అంది: "పాట బాగానే ఉండాది లెక్కల మిస్సూ. నీ లెక్కే చెడింది. ఎంచు. మూడు, నాలుగు, నాలుగు. పదకొండుకు తిరిగొస్తాండాది, చూడు."

చూశాను. ఒక్కో దెబ్బకు ఒక్కో గింజ తొక్కలోంచి గిన్నెలోకి దూకుతోంది. పదకొండు గింజలు కాగానే పాట మొదటికొచ్చింది.

నాలుగో తరగతి దాటని మనిషి. ఆమె తండ్రి మిట్టేమరిలో చెక్కభజన గురువు. వాకిట్లో మగవాళ్ళు చెక్కలు వాయిస్తూ గుండ్రంగా అడుగులు వేస్తుంటే, ఆడపిల్లని ఈమెను గడప లోపలే కూర్చోబెట్టేవారు. "కాళ్ళు కట్టేసినారు గానీ చెవులు కట్టేయలేదు కదమ్మీ" అనేది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక మాకదే పని. మూడో పాటలో గిటారు అయిదులో పోతుంటే డ్రమ్ము నాలుగులో పోతుంది; ఇరవైలో కలుస్తాయి. నల్లబల్ల మీద జీవితమంతా రాసిన క.సా.గు. నా చెవికి వినబడింది అప్పుడే. సిగ్గుపడ్డాను, కొంచెమే. ఎక్కడైనా లెక్క తప్పి విసుక్కుంటే వదిన, "తప్పినట్టుండేదంతా తప్పు గాదమ్మీ. మనమింకా ఎంచలేదంతే" అనేది. ఈ మాట నా సర్వీసులోనే దొరికి ఉంటే ఎంతమంది పిల్లలు నా బెత్తం తప్పించుకునేవాళ్ళో.

ఎదురింటావిడ ఊరుకుంటుందా? "ఏమ్మా, ఈ వయసులో కృష్ణా రామా అనుకోక, ఏందా గలాటా?"

"కృష్ణుడు మాత్రం ఒకే తాళంలో ఆడినాడామ్మా?" అంది వదిన, సౌండు పెంచమని నాకు సైగ చేస్తూ.

పోయిన నెల అయిదో పాటకు లేచింది. కుచ్చిళ్ళు ఎగదోపి, చెక్కలు లేక రెండు కొబ్బరిచిప్పలు పట్టుకుని, వీధి వాకిట్లోకి దిగింది. డెబ్భై నాలుగేళ్ళ మోకాళ్ళతో ముందుకు ఏడడుగులు, వెనక్కి నాలుగు. స్కూటర్లు ఆగిపోయాయి. మేనల్లుడు పరుగెత్తుకొచ్చి, "అమ్మా, లోపలికి రా, జనం చూస్తాండారు!" అన్నాడు.

"చూడనీరా. చూసేదానికే కదా ఆడతాండేది."

ఆ సాయంత్రం మోకాలికి నూనె రాయించుకుంటూ నాతో అంది: "నా సమారాధనకు ఈ పాటలే పెట్టమ్మీ. ఏడ్చేవోళ్ళు కూడా ఎంచుకుంటా ఏడ్వాల."

మేనల్లుడు ఒప్పుకోవడం లేదు. "అత్తా, నలుగురూ నవ్వుతారు" అంటాడు. నవ్వనీ. వాళ్ళమ్మను ఒకసారి గడప లోపల కూర్చోబెట్టారు. పోయాక మళ్ళీ కూర్చోబెట్టనివ్వను. ఆదివారం మీ భోజనాలప్పుడు తొమ్మిది పాటలూ వరసగా మోగుతాయి.

బాగేపల్లి నుంచి కారులో వచ్చేవాళ్ళు ఒక పొడవాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు తెండి, మూడు పిన్నులది. స్పీకరు మనవరాలు తెస్తోంది. పనిచేసే ప్లగ్గు వంటింట్లో ఉంది, పందిరి వీధిలో ఉంది. వైరు నట్టింట్లోంచి, మంత్రాలు చదివే అయ్యవారి పీట పక్కగా పోక తప్పదు. ఇష్టం లేనివాళ్ళు కాలెత్తి దాటి వచ్చి భోంచేయండి. తొక్కకండి.